కూలర్ ముందు అరగంట

రఘూ,

ఎలా ఉన్నావురా? నువ్వు వెళ్లి ఎనిమిది నెలలయింది. చంద్రపూర్‌లో మళ్లీ ఎండలు మొదలయ్యాయి.

పాలవాడి దగ్గర ఇప్పటికీ నీ వాటా కలిపే పోయించుకుంటున్నాను. ఎన్నడూ లెక్క తప్పని నేను, ఈ ఒక్కటీ దిద్దుకోలేకపోతున్నాను…

బీఎస్సీలో చేరిన ఏడాది నువ్వు వరోరా రోడ్డులోని కూలర్ల దుకాణంలో పనికి కుదిరావు. గడ్డి మోపులు మోసుకుంటూ ఇంటింటికీ తిరుగుతావా అని ఎంత కోప్పడ్డానో! నువ్వు నవ్వేవాడివి. "నాయనమ్మా, నువ్వు గిట్ల హెడ్మాస్టర్ లెక్క నిలబడితే మోటార్ గూడ భయపడి ఆగిపోతది."

మీ ఉస్తాద్ నేర్పిన పద్ధతి ఒకటుండేది. బాగుచేసిన కూలర్ తిరగడం మొదలయ్యాక అరగంట దాని ముందు కూర్చోవాలి. "తిరుగుడు షురూ అయితే పని అయినట్టు కాదు. అరగంట దాని సప్పుడు విన్నంకనే లేవాలె" అనేవాడివి.

చదువయ్యాక ఆ అలవాటే నీతో పాటు రాజురా వైపు కొత్త సిమెంటు ఫ్యాక్టరీకి వచ్చింది. సైరన్ మోగగానే అందరూ సైకిళ్లు ఎక్కితే, నువ్వు బాగుచేసిన యంత్రం దగ్గరే చెవి పెట్టుకుని నిలబడేవాడివట. అందుకే రెండో ఏడే షిఫ్టు బాధ్యత అప్పగించామని, నీ కర్మ రోజున వచ్చిన ఇంజనీరు చెప్పాడు. ఎంత మురిసిపోవలసిన మాట… ఎప్పుడు విన్నాను?

ఒకటి అడుగుతాను. నీ జ్వరం దిగిన రోజు ఆసుపత్రిలో నీ పక్కన కూర్చున్న నన్ను నువ్వే లేపావు. "బాగనే ఉన్న, నాయనమ్మా. ఇంటికి పోయి జర నడుం వాల్చు." వెళ్లాను. గంజి కాచుకుని తిరిగి వచ్చేసరికి…

ప్రతి పనికీ అరగంట ఆగేవాడివి, నన్నెందుకు పంపేశావు?

ఇప్పుడు నీ చెల్లి లత అదే దుకాణంలో మోటార్లు చుట్టే పనికి వెళతానంటోంది, కాలేజీ అయ్యాక సాయంత్రాలు. మీ నాన్న దాన్ని నన్నడగమన్నాడు. వారం రోజులు, ఆ దుకాణం పేరు ఎత్తగానే పనుందని లేచిపోయాను.

ఈ ఆదివారం లత మన కూలర్ బయటికి లాగింది. పాత గడ్డి పీకి కొత్తది పరిచింది. ఒకవైపు నీళ్లు దిగకపోతే, పంపు గొట్టం విప్పి సూదితో పొడిచి శుభ్రం చేసింది. గాలి రాగానే నేను వంటింటికి లేచాను.

అది లేవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తల కాస్త పక్కకు వంచి, అచ్చం నీలా కూర్చుంది. నువ్వెప్పుడు నేర్పావురా దానికి? లేక నిన్ను చూసి నేర్చుకుందా?

అరగంటయ్యాక నేల తుడిచి, అప్పుడు మంచినీళ్లు తాగింది.

వెళ్లమన్నాను, రఘూ. రేపటి నుంచి వెళుతుంది. చీకటి పడకముందే ఇల్లు చేరాలన్నాను. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మిగతా ఇల్లంతా నిద్రపోతోంది, మధ్యాహ్నం కదా. తడి గడ్డి వాసన వస్తోంది. నీలాగే కూలర్ ముందు కూర్చుని ఇది రాస్తున్నాను.

అరగంట ఎప్పుడో దాటిపోయింది. నాకే లేవబుద్ధి కావడం లేదు…

నీ నాయనమ్మ