హాసిని మీసం సంగతి

అత్తా,

నువ్వు పోయి ఏడాది దాటింది. పోయిన నెలలో సంవత్సరీకం కూడా పెట్టాం. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావని అడగను... ఎక్కడున్నా ఎవరికో ఒకరికి వంక పెడుతూనే ఉంటావు.

బెంగతో రాస్తున్నానని మాత్రం అనుకోవద్దు. నీ సంవత్సరీకం రోజున ఈ ఇంట్లో ఒకటి జరిగింది. దానికి మూలం నువ్వే. అందుకని నీకే చెబుతున్నాను.

ఆ రోజు ఇంటినిండా చుట్టాలు. నీ ఫోటోకు బంతిపూల దండ వేశాం. దాని ముందు చాప పరుచుకుని కూర్చున్న ఆడవాళ్లంతా నీ గుణగణాలు చెప్పుకున్నారు. "నోరు రవ్వంత గట్టిదే గానీ, మనసు వెన్న" అన్నారు. పదమూడేళ్లు నీ కింద కాపురం చేశాను. నోరు చూశాను. ఆ వెన్న ఎక్కడ దాచిపెట్టావో నాకు కనిపించనే లేదు.

మీ పద్మ ప్రొద్దుటూరు నుంచి దిగింది. నీ కూతురికి నీ చూపే వచ్చింది అత్తా. గడప దాటగానే మనుషుల ముఖాలు చూడదు, ముఖాల్లో లోపాలు చూస్తుంది. హాసిని అందరికీ మంచినీళ్లు అందిస్తోంది. మొన్ననే పదకొండు నిండాయి కదా, పెద్దమనిషి మాదిరి పళ్లెంలో గ్లాసులు పెట్టుకుని తిరుగుతోంది. పద్మ వదిన దాని చెయ్యి పట్టుకుని, చీరల కొట్లో బట్టను తిప్పి చూసినట్టు వెలుతురుకు పెట్టి చూసింది. తర్వాత గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"ఏం పాపా, మీసాలు వస్తాండాయే నీకు. మీ యమ్మ సూడదా?" అంది. అంతమంది ముందర.

ఎవరో నవ్వారు. "మా యమ్మ ఉండింటే పిండిముద్దతో రుద్ది రుద్ది ఈపాటికి పోగొట్టింటాది" అని, సంచిలోంచి క్రీము ట్యూబు తీసి దాని చేతిలో పెట్టింది. తెల్లగా అవుతుందట, నూగు కూడా రాలిపోతుందట. కన్నతల్లి సంవత్సరీకానికి వస్తూ ఎవరైనా తెల్లబడే క్రీము తెస్తారా? నీ కూతురు తెస్తుంది.

నేను వంటింట్లో వడలు వేస్తున్నాను. గుమ్మంలోంచి అంతా కనిపించింది, వినిపించింది. బాణలి దించి బయటికి వచ్చేసరికి పళ్లెం కిటికీ మీద ఉంది. పిల్ల లేదు.

విస్తళ్లు వేసేటప్పుడు కూడా కనిపించలేదు. బాత్రూం తలుపు కొట్టాను. పలకలేదు. గట్టిగా నెడితే గడియ ఊడింది... మీ కొడుకు రేజరు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. నీళ్లు లేవు, సబ్బు లేదు. పొడి చర్మం మీదనే లాగేసింది. పై పెదవి తెగి నెత్తురు గడ్డం దాకా కారింది. మోకాలి కింద రిబ్బను మాదిరి తోలు లేచిపోయింది.

నన్ను చూసి ఏడవలేదు. "పోలేదుమా... ఇంకా కనపడతాండాదా?" అని అడిగింది.

కొంగుతో దాని పెదవి అదిమిపట్టాను అత్తా.

మీ కొడుకు వచ్చాడు. సిమెంటు కొట్లో పదిమంది కూలీల మీద అరిచే మగాడు. ముందు రేజరు వంక చూశాడు, తర్వాత నెత్తురు వంక చూశాడు. "నా రేజరు ఎందుకు ముట్టుకున్న్యావు?" అన్నాడు. అంతలో ఫోను మోగిందని బయటికి వెళ్లిపోయాడు. ఆ ఫోను మోగడం నాకైతే వినపడలేదు. అదీ నువ్వు కన్న సింహం.

వదిన తలుపు దగ్గరే నిలబడి తీర్పు చెప్పింది. "కత్తి పెట్టేసినావా? అయిపాయ. ఇంగ మొగోళ్ల మాదిరి గడ్డమే వస్తాది." అది వదిన మాట కాదు. నీ మాట. "కత్తి తగిల్తే ఆడదాని మొకం మొగమొకం ఐతాది" అని నా పెళ్లయిన కొత్తలో నాకు చెప్పిన మాట.

అప్పుడు ఇంకేమేం అన్నావో గుర్తుందా? "ఆడపిల్ల చెయ్యంటే అరిటాకు మాదిరి నున్నగుండల్ల. ఇదేందే, ఎలుగుబంటిని తెచ్చుకుంటిమే." నన్ను చూడక తెచ్చుకున్నావా? నీ సొంత తమ్ముడి కూతుర్ని. నేను పుట్టినప్పుడు పురిటింట్లో నా చేతులు చూసినదానివి.

తర్వాత హాసిని పుట్టింది. మూడో నెల నుంచి మొదలుపెట్టావు పిండిముద్ద. దాని వీపు, చేతులు, నుదురు ఎర్రగా కందేదాకా రుద్దేదానివి. అది గుక్కపట్టి ఏడిస్తే "ఏడ్సనీ, రేపు పెండ్లికి నవ్వుతాది" అనేదానివి. ఏడాది నిండగానే అహోబిలం తీసుకెళ్లి గుండు కొట్టించావు. తల మీది వెంట్రుకలు దేవుడికిచ్చి, కళ్లు మూసుకుని దండం పెట్టావు. తల మీద ఉంటే పుణ్యం, చేతి మీద ఉంటే పాపం... ఇది ఏ నరసింహస్వామి చెప్పాడు అత్తా?

సరే. సోమవారం హాసిని పెదవి మీద ప్లాస్టరుతో బడికి పోయింది. పిల్లలు ఏమన్నారో నాకు చెప్పలేదు. మధ్యాహ్నం వాళ్ల టీచరు ఫోను చేసి, ఇట్లాంటివి పట్టించుకోవద్దని, అందం మనసులో ఉంటుందని పిల్లకు నచ్చజెప్పమంది. ఆమె కనుబొమలు దారంతో తీయించుకుని, పెన్సిలుతో దిద్దుకుని మరీ బడికొస్తుంది. మనసులో ఉన్న అందం ఆమెకు చాలలేదేమో.

ఆ రాత్రి నుంచి పిల్ల ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టింది. ఏదో పట్నంలో దీని ఈడు పిల్లే, అద్దం ముందు ఏడెనిమిది సీసాలు పేర్చుకుని ఒకదాని మీద ఒకటి పూసుకుంటోంది. అందులో ఒకటి ముడతలు రాకుండా పూసేదట. "నాకూ అది కావల్లమా" అంది హాసిని. పదకొండేళ్ల ముఖానికి ముడతలా? ఆ పిల్లను కన్నవాళ్లు ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నారే, వాళ్లను ఏమనాలి?

బద్వేలు ఫ్యాన్సీ కొట్టువాడు ఇంకో ఘనుడు. చిన్నపిల్లకు మామూలు క్రీము ఏదైనా ఇవ్వప్పా అంటే, తెల్లబడేది ఒకటి, బ్లీచు పొట్లం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "పాప రొంత రంగు తక్కువ గదక్కా" అన్నాడు. వాడు వాడి బానపొట్ట మీద చొక్కా గుండీ పెట్టుకోలేడు. మా పిల్ల రంగు వాడికి తక్కువయింది. ఆ మాటే అని వచ్చేశాను.

ఎవరినీ అడగలేదు. శనివారం దాన్ని తీసుకుని కడప బస్సెక్కాను. అక్కడ చర్మాల డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. చిన్నవయసు ఆమె. నన్ను మాట్లాడనివ్వలేదు. హాసిని వైపు తిరిగి, "నీకే తీసెయ్యాలని ఉండాదా, వాళ్లు అన్న్యారనా?" అని అడిగింది.

హాసిని పెదవి తడుముకుని, "రెండూ" అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఇది జబ్బు కాదని, ఉంచుకున్నా తప్పులేదని, తీసుకున్నా తప్పులేదని చెప్పింది. "గీసుకుంటే మందంగా రాదు పాపా. మొన తెగుతాది కాబట్టి గరుగ్గా తగుల్తాది, అంతే. మీ నాయన రేజరు మాత్రం ముట్టద్దు, నీది నీకు ఉండల్ల." ముఖానికి ఘాటులేని సబ్బు ఒకటి, తడి ఆరకుండా పూసుకునే క్రీము ఒకటి, పగలు ఎండకు పూసుకునేది ఒకటి రాసిచ్చింది. మూడంటే మూడే. మన బద్వేలు ఎండకు ఆ మూడోదే ముఖ్యమంది. సీసాల పిల్ల సంగతి హాసిని అడిగితే, "అవి పూస్తే నీ మొకం మండుతాది, వాళ్లకు లైకులొస్తాయి" అంది. ఈ మొత్తం కథలో నాకు నచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

చివర్లో నన్ను అడిగింది, "ఎవరి పోలికమ్మా?" అని.

"మా మేనత్త పోలిక" అన్నాను. నోరు జారిందో, నేనే అన్నానో తెలియదు.

బస్సులో హాసిని కిటికీ వైపు చూస్తూ, "మీ మేనత్తంటే జేజే గదా, నాయన వాళ్లమ్మే గదా?" అంది. "జేజికి యాడుండాది? మావాళ్లలో ఎవురికీ లేదీ బొచ్చు, అంతా మీ యమ్మ వాళ్లమ్మ తట్టు నుంచే అంటాండె గదా నాతో?"

నేను డాక్టరమ్మ చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. నీకు మాటిచ్చాను కదా...

పక్షవాతంతో నీకు కుడిపక్క పడిపోయి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజులవి. కొంగు గడ్డం మీద కప్పుకుని ఎవరినీ దగ్గరికి రానిచ్చేదానివి కాదు. మూతి వంకరైందని సిగ్గుపడుతున్నావనుకున్నాం. ఒకరోజు ఎవరూ లేనప్పుడు ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని నీ గడ్డం మీద పెట్టుకున్నావు. ముళ్లు... మగవాడి గడ్డం మాదిరి ముళ్లు. నీ బట్టల కింద, గుడ్డలో చుట్టిన పట్టకారు, బ్లేడు ఎక్కడున్నాయో కళ్లతోనే చూపించావు. రోజూ గంటసేపు స్నానం చేస్తుంటే మడి అనుకున్నాం అందరం. "తలుపేసినావా? గడియ పెట్టు. ఎవురికీ చెప్పద్దు." నంగి నంగిగా నువ్వన్న మాటలవి.

నాకు ఏమనిపించిందో తెలుసా? ఆ బ్లేడు అక్కడే పారేసి, పద్మ వదినను పిలవాలనిపించింది. పదమూడేళ్లు నన్ను ఎలుగుబంటి అన్న నోరు, గోడ వైపు తిరిగి నా చెయ్యి కోసం ఎదురు చూస్తోంది.

గీశాను. వారానికోసారి గీశాను. నువ్వు పోయిన పొద్దున కూడా, చుట్టాలు దిగకముందే, గడియ పెట్టి, నీళ్లు కాచుకుని గీశాను. చల్లబడిన చర్మం అది, బ్లేడు సరిగ్గా ఆడలేదు. "మొకం ఎంత కళగా ఉండాదో" అని వచ్చినవాళ్లంతా ఏడ్చారు. చచ్చినాక కూడా నీ పరువు నా చేతుల్లోనే ఉండింది. ఒక్కసారైనా... పోనీలే.

ఆదివారం పొద్దున హాసినిని బాత్రూంలో స్టూలు మీద కూర్చోబెట్టాను. దానికోసమే కొత్త రేజరు కొన్నాను. కాళ్లు గోరువెచ్చని నీళ్లలో నాననిచ్చి, సబ్బు నురగ పెట్టి, చర్మం లాగిపట్టి, ఒత్తకుండా ఎట్లా గీయాలో ఒక కాలికి చేసి చూపించాను. పాత గాయం జోలికి పోలేదు. రెండో కాలు అదే చేసుకుంది. నాలుక బయటపెట్టి, ముగ్గు వేసేటప్పటి మాదిరి. పెదవి మీద, తెగినచోటు వదిలేసి, నేనే గీశాను, ముఖానికని వచ్చే చిన్నదానితో. తర్వాత క్రీము రాసుకుని పిక్కల మీద చెయ్యి పైకీ కిందికీ పోనిస్తూ కూర్చుంది.

"నువ్వు గీసుకోవామా?" అంది నా చేతులు చూసి.

"నాకక్కర్లేదు."

"ఎందుకు?"

"మీ జేజి తీసెయ్యమనింది కాబట్టి."

అది నిజం. నీ మీద కోపంతో ఇన్నేళ్లు వెంట్రుక ముట్టలేదు. ముట్టకపోవడం కూడా నువ్వు పెట్టించినట్టేనా అని ఆ స్టూలు పక్కన నిలబడి మొదటిసారి అనిపించింది. నువ్వు లేని ఇంట్లో కూడా నా చేతుల మీద నువ్వే ఉన్నావా?

అప్పుడే చెప్పేశాను. గుడ్డ, బ్లేడు, గడియ, పొద్దున కాచిన నీళ్లు... అంతా. మాట తప్పాను, నిజమే. నువ్వు దానితో అబద్ధం చెప్పావు, నేను నిజం చెప్పాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ తప్పారో నువ్వే చూసుకో.

హాసిని నవ్వుతుందనుకున్నాను. నవ్వాలనే చెప్పాను. నిన్ను తలచుకుని కడుపు పట్టుకుని నవ్వాలని.

నవ్వలేదు. రేజరు కడుగుతూ, "మరి జేజికి ఎవురు నేర్పిచ్చినారు?" అంది.

నాకు తెలియదన్నాను.

ఎవరు నేర్పించారు అత్తా? నీకూ పదకొండేళ్లు ఉండే ఉంటాయి కదా ఒకప్పుడు. మా తాత కత్తి తీసుకున్నావా? ఎక్కడ తెగింది? నెత్తురు చూసి ఎవరేమన్నారు?

జాలి పడుతున్నానని సంబరపడేవు. లేదు. నీకు తెలిసిన నొప్పినే తెచ్చి నాకు పెట్టావు, నా బిడ్డకు పెట్టావు. తెలియక చేసినవాళ్లనైనా క్షమిస్తారేమో గానీ, తెలిసి చేసినదానివి నువ్వు.

మొన్న వదిన ఫోను చేసింది. ఆ మాటా ఈ మాటా మాట్లాడి, "ఆ కడప డాక్టరమ్మ నంబరు పంపు సుజాతా, మావాళ్లకెవురికో కావల్లంట" అంది. ఎవరికి వదినా అంటే, "తెలిసినోళ్లు" అంది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. వెనకాల కొళాయి నీళ్ల చప్పుడు... తలుపు మూసుకునే మాట్లాడుతోందనుకుంటా.

తిడదామనే నోరు తెరిచాను. హాసిని ముఖం పైకెత్తిన ఆ వేళ్లు గుర్తొచ్చాయి. ఇంకోసారి నా బిడ్డ మీద చెయ్యి వేస్తే ఊరుకోనని మాత్రం చెప్పాను. సరేనంది.

నంబరు పంపాను.

ఏడాదేడాదికీ నీ తిథి నేనే పెడతాను. వడలు నేనే చేస్తాను. నువ్వు మంచిదానివని చెప్పుకునేవాళ్లకు వడ్డిస్తాను, నేను మాత్రం ఆ మాట అనను. హాసిని ఎప్పుడు ఏది అడిగినా ఉన్నదున్నట్టు చెబుతాను. అది మాత్రం మాట.

ఇట్లు,
నీ కోడలు, నీ తమ్ముడి కూతురు,
సుజాత