పైకి కారిన రంగు

మావయ్యా,

తాతయ్య బొమ్మల గది సర్ది, బొమ్మలన్నీ భద్రం చేయడానికి నువ్వు పంపిన చిత్రాల నిపుణురాలు వచ్చింది. చీటీలు రాసి అంటించే పని నాది. అన్నిటి మీదా తాతయ్య పేరే రాయమన్నావు. రాయను.

మొదటి బొమ్మ చూస్తూనే ఆవిడ, "రంగు కిందికి కారాలి గానీ ఇదేంటి, ఆకాశంలోకి కారింది?" అంది. మిగతావీ తీసి చూశాం. అన్నిట్లోనూ అంతే. నేను నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి అమ్మమ్మ, "పైభాగం నాకు అందదు కదమ్మా, తలకిందులు చేసి వేసేదాన్ని," అంది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. మరి సంతకం ఆయనదేగా అని నేనడిగితే, "ఆరాక నిలబెట్టి ఆయన పెట్టేవారు," అంది.

తాతయ్య ఆరడుగుల మనిషి. బొమ్మ తిప్పాల్సిన అవసరం ఆయనకేంటి?

విషయం తెలిసి, పరువు పోతుందని ఫోన్లో మా అమ్మ మీద కేకలేశావట. ఇన్నేళ్లూ పోయింది ఎవరి పరువో కాస్త ఆలోచించు. చీటీలన్నిటి మీదా అమ్మమ్మ పేరే రాసేశాను. చింపాలనుంటే నువ్వే వచ్చి, అమ్మమ్మ ఎదురుగా చింపు.

వచ్చేటప్పుడు ఎత్తయిన స్టూలు ఒకటి పట్టుకురా. ఈసారి ఆకాశాన్ని నిలబెట్టే వేస్తానంటోంది.

నీ మేనకోడలు