అడిగినోళ్లకు కాదనలేక

శుక్రవారం, రాత్రి

మనసు నిండిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా సుజాత పెట్టుకున్న నెట్ సెంటర్‌లో, బిడ్డ అన్నానికి వెళ్లినప్పుడు నేనే కూర్చుంటాను. ఈ మధ్యాహ్నం నెట్ తెరిస్తే ఎప్పుడూ వచ్చే పేజీ పోయి, లాటరీ ప్రకటనల పేజీ వచ్చింది. ఇక నన్ను కూర్చోనివ్వదేమోనని భయపడుతూనే, సుజాత రాగానే చూపించాను.

“ఏం నొక్కినవ్ నాన్నా?”

“పాటల కోసం పోతే, ఏందో పెడతా, సరేనా అని కంప్యూటర్ అడిగింది బిడ్డా. అడిగినోళ్లకు కాదని ఎట్లంట?”

“చాయ్ గూడ పోయకపోయినవా?” అని పగలబడి నవ్వింది నా బంగారు తల్లి. నేను సరేననగానే బ్రౌజర్‌లో దూరిన ఆ తెలియని ఎక్స్‌టెన్షన్‌ను తీసేసి, పాత పేజీని మళ్లీ పెట్టి, వైరస్ స్కాన్ చేసింది.

“తెల్వనిది ఏదడిగినా కాదని చెప్పు. రేపు గూడ కూసుంటవా?”

దానికి మాత్రం వెంటనే సరేనన్నాను.