కార్డు మీద లేని వాక్యాలు

మోవా, రాయ్‌పూర్

సుగుణక్కకు వందనాలు.

నువ్వు మన కాకినాడ ఆసుపత్రిలో నా కోసం నర్సు ఉద్యోగం మాట్లాడితే రానన్నానని, దేవుడిచ్చిన వాగ్దానాన్ని కాలదన్నానని నీకు కోపం.

మూడేళ్ల కిందట కొత్త సంవత్సరం ఆరాధనలో నేను తీసిన వాగ్దానం కార్డు మీద బైబిల్లోని యిర్మీయా ఇరవై తొమ్మిది, పదకొండో వచనం ఉంది, మీకు మేలే తలపెట్టానని దేవుడు చెప్పే మాట. దేవుడు తలపెట్టిన మేలంటే సొంతూరికి తిరిగి రావడమేనని ఇద్దరం అనుకున్నాం. అప్పటినుంచి ఇక్కడ కుండీలో మొక్కైనా పెట్టలేదు నేను.

మొన్న ఇక్కడి చర్చిలో ఆ కార్డు చూసి రెబెకా ఆంటీ నవ్వింది. "అరే బేటీ, అది పరాయి ఊరికి చెరపట్టుకుపోయినవాళ్లకి రాసిన చిట్ఠీ. చిట్ఠీని ఎవరైనా మధ్యలోంచి చదువుతారా?" అంది.

ఆ ఉత్తరం మొదటినుంచి చదివాను. ఆ ఊళ్లోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ముందే ఉంది. తిరిగి రావడం డెబ్బై ఏళ్ల తర్వాతి మాట.

అలాగని అదీ నా కోసమే రాశారనను. మీ మరిది పని ఇక్కడి ఉర్లా ఫ్యాక్టరీల్లో, పిల్లల బడి ఇక్కడే. ఉండాలనుకున్నది నేనే. ఆ భారం ఇంకో వచనం మీద వెయ్యను.

నిన్న పెరట్లో మునగకొమ్మ పాతాను. నువ్వు కూడా "రాను" అన్న ఒక్క మాటే పట్టుకోకుండా ఈ ఉత్తరం చివరిదాకా చదువు. కాయలు కాసేసరికి నువ్వే రా.

నీ చెల్లి