మన ఊర్లో నిలవని బండి

వదినా,

పట్టాలు మార్చాలని ఎప్పుడో ఆపేసిన మదురై బండి, నువ్వు కన్నుమూసిన ఏడాదికి మళ్లీ నడుస్తా ఉంది. మన ఊరి స్టేషన్‌ను మాత్రం తెరవలేదు, చుట్టూ గోడ కట్టేసినారు, బండిలోనుంచి తప్ప కనబడదు. బండి కూత వినబడితే నాకు చేతిలో పని నిలవదు. నిన్న పొయ్యి మీద పాలు వదిలేసి చేను గట్టుదాకా ఉరికినాను.

"అది ఈడ నిలవదు గదా, ఎందుకీ పరుగు?" అని నీ తమ్ముడు కసిరినాడు.

మనిద్దరం అన్నేళ్లు మిల్లు పనికి బండెక్కిన చోటు ఒక్కసారి చూడాలని, ఈ పొద్దు బస్సులో మనకు ముందొచ్చే స్టేషన్‌కు పోయి ఎక్కినాను. ఎడమ పక్క కిటికీ దొరికింది, కూర్చున్నాను. ఎండ పడదని నువ్వెప్పుడూ నాకు ఆ పక్కే చోటు పట్టేదానివి. మన స్టేషన్ కుడి పక్క గదా అని గుర్తొచ్చి లేచేసరికి నిలబడినోళ్లు అడ్డం. "కొంచెం జరగమ్మా" అనేలోపల దాటిపోయింది.

ఇంటికొస్తే నీ తమ్ముడు ఈసారి కసరలేదు. "చూసినావా? ఎట్లుంది?" అని మెల్లిగా అడిగినాడు.

ఆయన మొహం చూసి, "అట్లే ఉంది" అనేసినాను.

నేను చూడలేదు వదినా. రేపు మళ్లీ పోవాలంటే ఆయనకు ఏం చెప్పేది?