‘నో’ నొక్కినందుకు ఆగిపోయిన కార్డు గురించి

హైదరాబాదు, హైటెక్ సిటీ.
ఏప్రిల్ 11, శుక్రవారం.

ముఖ్య సమాచార భద్రతాధికారి శ్రీ భీమేశ్వరరావు గారి దివ్యసముఖమునకు, ఆరవ అంతస్తులో మూడేళ్ళు కంప్యూటర్లు బాగుచేసి, సోమవారం నుంచి గేటు బయట నిలబడి ఉన్న కాంట్రాక్టు ఉద్యోగిని తలారి రజిత వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మెయిల్ తెరవగానే వచ్చు హెచ్చరిక పెట్టెలో ‘నో’ నొక్కిన నేరమునకు నా గేటు కార్డు నిలిపివేయుట, దానిని తిరిగి తెరిపించుట, నా పేరు పక్కన చేర్చిన ‘నమ్మదగిన వ్యక్తి కాదు’ అను మాట కొట్టివేయించుట గురించి.

సూచిక: 1) నేను పెట్టిన పదకొండు ఫిర్యాదులు. 2) పదకొండింటికీ తమ విభాగం దయచేసిన ఒకే ఒక్క జవాబు: “ఎస్ నొక్కగలరు.”

పై విషయమును పురస్కరించుకొని తమరికి విన్నవించుకొనునది ఏమనగా, ఇటువంటి సంగతులు మన ఆఫీసులో ఇంగ్లీషులో, మెయిల్లో, పదిమందిని కాపీలో పెట్టి రాయాలని నాకు తెలుసు. నాకు ఆ విద్య రాదు. నార్సింగిలో మండలాఫీసు ఎదురుగా లింగమూర్తి మామ జిరాక్సు దుకాణంలో ఐదేళ్ళు జనానికి అర్జీలు టైపు చేసి పెట్టాను. కంప్యూటర్ నేర్చుకున్నది అక్కడే. పాడైన మిషన్ విప్పి, మళ్ళీ బిగించి, మిగిలిపోయిన మర ఎక్కడిదో వెతుక్కుంటూ నేర్చుకున్నాను. కాబట్టి నాకు వచ్చిన పద్ధతిలోనే రాస్తున్నాను. కాగితం మీదే ఎందుకు ఇస్తున్నానో ఆఖర్న చెబుతాను. అంతదాకా చదవమని మనవి. చదవకుండా నొక్కేసే అలవాటు మన ఆఫీసులో ఉంది గనుక ముందే చెప్పుకుంటున్నాను.

1. మార్చి నాలుగో తేదీ మొదలుకొని, మన ఆఫీసులో ఎవరు మెయిల్ తెరిచినా మొదట ఒక పెట్టె తెరమీదికి వచ్చుచున్నది. అందులో మూడు వాక్యములు గలవు. ఈ సర్టిఫికెట్ గడువు తీరిపోయినది. దీని మీద ఉన్న పేరు, మీరు పోవలసిన చోటి పేరు ఒకటి కావు. దీనిని ఇచ్చినవారు నమ్మదగినవారో కాదో తెలియదు. మూడింటి పక్కనా ఎర్రటి ఇంటూ గుర్తు. కింద ఒక ప్రశ్న, అయినా ముందుకు పోతారా అని. ఎస్, నో.

మెయిల్ సర్వరు అనగా మన అందరి ఉత్తరాలు మోసే యంత్రం. ‘నేను ఫలానా’ అని అది చూపించుకునే గుర్తింపు కార్డే ఈ సర్టిఫికెట్. గడువు ఎందుకు తీరిందంటే, ఎవరూ కొత్తది తెప్పించలేదు గనుక. పేరు ఎందుకు కలవదంటే, జనవరిలో కంపెనీ చేతులు మారినప్పుడు బయట బోర్డు మారింది, బస్సుల మీద స్టిక్కర్లు మారాయి, టీ కప్పులు కూడా మారాయి, సర్వరు కార్డు ఒక్కటి మారలేదు. ఇక ఇచ్చినవారెవరంటే, ఎవరూ ఇవ్వలేదు. తన కార్డు మీద తానే సంతకం పెట్టుకుంది. మా జిరాక్సు దుకాణంలో దీన్ని సెల్ఫ్ అటెస్టెడ్ అంటాం. ఈ మాట గుర్తుంచుకోగలరు, మళ్ళీ వస్తుంది.

2. సదరు పెట్టె గురించి పదకొండుసార్లు ఫిర్యాదు చేసుకొంటిని. పదకొండూ ‘పరిష్కరించబడినది’ అని మూసివేయబడినవి. పన్నెండోసారి తమ గదికే వచ్చాను. తమరి లాప్‌టాప్ మీద కూడా అదే పెట్టె ఉంది. తమరు నన్ను చూసి, పెట్టెను చూసి, నవ్వారు.

“ఎస్ కొట్టేయమ్మా, మనదేగా.”

మనదే అని ఎట్లా తెలుసు సార్ అని అడిగాను. రోజూ వస్తోంది కదమ్మా అని సెలవిచ్చారు. రోజూ వచ్చేదల్లా మనదే అయితే మా సందులోకి రోజూ వచ్చే పందులకు కూడా నేనే జవాబుదారీ కావాలి. ఈ మాట ఆ రోజు నోటిదాకా వచ్చి ఆగింది. ఇవాళ ఆపడం లేదు.

తమరిని ఒక్కరినే అనడం న్యాయం కాదు. కొత్తగా చేరినవాళ్ళకు మన దగ్గర మొదటిరోజు నేర్పేవి మూడు: క్యాంటీన్ ఎటు, బస్సు ఎన్నింటికి, పెట్టె వస్తే ఎస్. టెస్టింగులో తేజ అని ఉన్నాడు, కాకినాడ నుంచి వచ్చి నెలైంది. నో నొక్కాలి తమ్ముడూ అని చెబితే నా వైపు జాలిగా చూశాడు. “అదొస్తేనేనండి మెయిల్ పనిచేస్తున్నట్టు. రాకపోతే భయమేస్తుందండి,” అన్నాడు.

3. ఏప్రిల్ మూడు, గురువారం, మధ్యాహ్నం ఒంటిగంట పది నిమిషాలు. కింద క్యాంటీన్‌లో అందరూ లాప్‌టాపులు తెరిచి పెట్టుకొని భోంచేయుచున్నారు. నాకూ పెట్టె వచ్చింది. నేను చదివాను. ముప్పయ్యొక్క రోజులుగా చదువుతూనే ఉన్నాను, అది నాకున్న రోగం. నార్సింగి ఊరుగా ఉన్న రోజుల్లో మా తాత ఊరికి కాపలా. తెలిసినవాడొచ్చినా సరే ‘ఎవరది’ అని అడిగి, జవాబు విన్నాకే పక్కకు జరిగేవాడట. అది రక్తంలో వచ్చిందనుకుంటాను, ఎంత మందు వేసినా పోలేదు.

ఆ రోజు పెట్టెలో పేరు వేరే ఉంది. మన పాత పేరు కాదు, కొత్త పేరూ కాదు. అక్షరాలు, అంకెలు కలిపి ముద్ద చేసిన పేరు. అంటే మన వైఫై పేరే పెట్టుకొని ఎవరో దొంగ వైఫై నడుపుతున్నారు. మనకూ మన సర్వరుకూ మధ్య కూర్చొని ‘నేనే సర్వరును’ అంటున్నారు. ఎస్ నొక్కినవాళ్ళ పాస్‌వర్డ్ తిన్నగా వాళ్ళ సంచిలో పడుతుంది.

నేను నో నొక్కాను. ప్లేటు అక్కడే వదిలేసి, ఇవాళ్టిది మనది కాదు, నో కొట్టండి అని ప్రతి టేబుల్ దగ్గరికీ పోయాను. తిననియ్యమన్నారు కొందరు. నువ్వెవరన్నారు కొందరు. తేజ నా మొహం చూస్తూనే ఎస్ నొక్కేశాడు. చెయ్యి దానంతట అదే పోయిందట, పాపం నాలుక కరుచుకున్నాడు. నొక్కినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. మూల టేబుల్ సంగతి ఆఖర్న చెబుతాను.

సాయంత్రానికి మంచినీళ్ళ మిషన్ పక్కన పూలకుండీ వెనకాల ఆ దొంగ వైఫై నడిపిన సబ్బుబిళ్ళంత యంత్రం ఒకటి దొరికింది. ఎవరు పెట్టారో ఈనాటిదాకా తెలియదు.

4. మరునాడు తమరి అధ్యక్షతన విచారణ జరిగినది. నష్టమునకు కారణము: ఉద్యోగుల అజాగ్రత్త. ముప్పయ్యొక్క రోజులు మనమే నొక్కించి నేర్పిన సంగతి నివేదికలో ఎక్కడా కానరాదు. ఎస్ నొక్కినవారు పదమూడు మంది అని రాశారు. పదమూడు పాస్‌వర్డులూ నాచేతనే మార్పించారు. నన్ను అనుమానించడం ఆ పని పూర్తయ్యాకే మొదలుపెట్టారు, ఆ వరుస తప్పనందుకు తమరిని మెచ్చుకోవాలి.

నేను మధ్యలో ఒక మాట చెప్పబోతే, అడిగినదానికే జవాబు చెప్పమ్మా అన్నారు. అడిగినది ఇది: అందరికంటె ముందు నీకెట్లా తెలిసింది? చదివాను అన్నాను. ఒకాయన ‘చదివావా’ అని మళ్ళీ అడిగాడు, ఏదో తాగి వచ్చావా అన్నట్టు.

కమిటీ వారి ఆలోచన నాకు అర్థమైనంతలో ఇట్లా సాగింది. ఆ పెట్టెను ఎవరూ చదవరు. రజిత చదివానంటోంది. ఎవరూ చదవనిదాన్ని చదివిందంటే అందులో ఏముందో ముందే తెలిసి ఉండాలి. ముందే తెలిసిందంటే ఆ సబ్బుబిళ్ళ ఆమెదే కావచ్చు. ఇంత తెలివి ఆ సర్వరు మీద పెట్టి ఉంటే మార్చి ఐదో తేదీకే పని అయిపోయేది.

5. అనుమానం వచ్చాక నా కాగితాలు బయటికి తీశారు. మూడేళ్ళు ఎవరికీ గుర్తురాని కాగితాలు. సోమవారం పొద్దున హెచ్ఆర్ కృష్ణప్రియ గారు నన్ను కూర్చోబెట్టి వెరిఫికేషన్ నివేదిక చదివి వినిపించారు. మంచి మనిషి, మధ్యమధ్య నీళ్ళు తాగమన్నారు.

పేరు కలవలేదు. పదో తరగతి మెమోలో నా పేరులో ఇంగ్లీషు హెచ్ ఉంది, ఆధార్‌లో లేదు. గడువు తీరినది. పోలీసు వారి దగ్గర తెచ్చిన నా నడవడిక పత్రం ఏడాదికే చెల్లుతుందట. కొత్తది తెప్పించాల్సింది నన్ను ఇక్కడ కాంట్రాక్టులో పెట్టిన ఏజెన్సీ, తెప్పించలేదు. ఇక నా ఐదేళ్ళ అనుభవ పత్రం ఇచ్చినవారు నమ్మదగినవారు కారు. అంటే లింగమూర్తి మామ. వెరిఫికేషన్ అమ్మాయి ఆయనకు ఫోన్ చేసి, మీ హెచ్ఆర్ విభాగంతో మాట్లాడాలి అన్నదట. “గసుంటియి లేవమ్మ. రెండు జిరాక్స్ మిషన్లున్నయి, ఒక లామినేషన్ మిషనున్నది. ఎవరు గావాలె?” అన్నాడు మామ. అంతటితో ఆయన నమ్మదగినవాడు కాకుండా పోయాడు. నా సర్టిఫికెట్ల జిరాక్సుల మీద నేను పెట్టిన సంతకాలు కూడా చెల్లవన్నారు. సెల్ఫ్ అటెస్టెడ్ అట.

మూడు వాక్యాలు. మూడు ఎర్ర ఇంటూలు.

మేడం, జర ఆగండి అని ఆమె లాప్‌టాప్ ఆమె వైపే తిప్పాను. తెర మీద పెట్టె ఉంది. గడువు, పేరు, ఇచ్చినవారు. ఆమె పెట్టెను చూశారు, చేతిలోని నివేదికను చూశారు, మళ్ళీ పెట్టెను చూశారు. “అదే కదా రజితా,” అన్నారు మెల్లగా. తర్వాత, మీటింగ్ లింక్ రావాలని, ఎస్ నొక్కి మెయిల్ తెరుచుకున్నారు.

సర్వరు మనదనీ, నేను ఏజెన్సీ మనిషిననీ తర్వాత వివరించారు. నేను మూడేళ్ళుగా రోజూ వస్తున్నాను సార్. రోజూ వస్తే మనదే అయిపోతుందన్న తమరి సూత్రం నా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనిచేయలేదో తెలుపగలరు.

6. ఆ మధ్యాహ్నానికే కార్డు ఆగిపోయినది. గేటు దగ్గర రవీందరన్న డ్యూటీలో ఉన్నాడు, రోజూ నా డబ్బాలో ఏం కూరో అడిగే మనిషి. నాలుగుసార్లు నా కార్డు తానే తీసుకొని మిషన్‌కు పెట్టి చూశాడు. “నువ్వు నాకెరుకనే చెల్లె. మిషన్‌కెరుక లేవు. నేనేం జెయ్యాలె?” అన్నాడు. ఆయనను నేను ఒక్క మాట కూడా అనను. ఈ కంపెనీలో నో నొక్కడం తెలిసినవాళ్ళం మేమిద్దరమే అని ఆ పూట అర్థమైంది.

కార్డు పోతే ఇంకో కార్డు సంపాదించుకుంటాను. నన్ను చంపుతున్నది ఆ ‘నమ్మదగిన వ్యక్తి కాదు’ అన్న ముక్క. ఏప్రిల్ ముప్పయ్యో తేదీన నా కాంట్రాక్టు ముగుస్తుంది. ఆ ముక్క ఫైల్లో ఉండగా ముగిసిందంటే, గచ్చిబౌలి మొదలు నానక్‌రాంగూడ దాకా ఏ అద్దాల బిల్డింగూ నన్ను లోపలికి రానివ్వదు. ఒకరి నివేదిక ఒకరు చూసుకుంటారు. ఆ పెట్టెలో మూడు లైన్లు చదవడానికి తీరిక లేనివాళ్ళు నా మూడు లైన్లు మాత్రం కళ్ళజోడు పెట్టుకొని చదువుతారు. డిగ్రీ మధ్యలో ఆపేసినదాన్ని, నా దగ్గర ఉన్నది చేతిపని ఒక్కటే. ఆ చేతులు లోపలికి పోకుంటే ఇక నేను తినేదేంది?

కావున తమరు దయయుంచి, సర్వరుకూ నాకూ ఒకటే రూలు పెట్టించవలెను. మూడు ఇంటూలు ఉన్నా లోపలికి రానివ్వడమే ఈ కంపెనీ పద్ధతి అయితే నా కార్డు తెరిపించవలెను. రానివ్వకపోవడమే పద్ధతి అయితే సర్వరును తెచ్చి గేటు బయట నా పక్కన నిలబెట్టవలెను. రవీందరన్న దానికీ కుర్చీ వేస్తాడు. ఏది ఏమైనా ఆ ముక్కను ముప్పయ్యో తేదీలోపు కొట్టివేయించవలెను. సర్వరుకు కొత్త సర్టిఫికెట్ వేయడం పావుగంట పని. నాకు వచ్చు. కార్డుంటే చేసేదాన్ని.

ఈ కాగితం కింద ఎస్ గానీ నో గానీ లేవని గమనించి, ఈ ఒక్కసారికి స్వయముగా ఆలోచించి చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(విధేయత గడువు: ఏప్రిల్ 30),
తలారి రజిత,
హెచ్ ఉన్నా నేనే, లేకున్నా నేనే.
సంతకం సెల్ఫ్ అటెస్టెడ్.

తా.క. ఇది లింగమూర్తి మామ దుకాణంలోనే కొట్టాను. మామ వెనకాల నిలబడి మొత్తం చదివి, “మెయిల్ల పంపరాదు బిడ్డా, మళ్ళ గేటు కాడికి ఎందుకు పోవుడు?” అన్నాడు. మెయిల్లో పంపలేను సార్. ఎందుకో ఇప్పుడు చెబుతున్నాను.

మీ నివేదికలో పదమూడు మంది. నా వేళ్ళ మీద పద్నాలుగు. మూల టేబుల్ దగ్గర పెరుగన్నం తింటున్నది మీరు. కుడిచెయ్యి ఖాళీ లేక ఎడమచేత్తో నొక్కారు. నేను పక్కనే నిలబడి వద్దు సార్, వద్దు సార్ అంటూనే ఉన్నాను. మనదేగా అన్నారు. పాస్‌వర్డ్ మార్చుకోండి అని అక్కడే చెప్పాను, చూద్దాంలే అన్నారు. విచారణలో నేను చెప్పబోయిన మాట అదే. నాచేత మార్పించిన పదమూడింటిలో మీది లేదు.

ఎనిమిది రోజులైంది. ఇది మెయిల్లో వస్తే మీకంటె ముందు ఆ పాస్‌వర్డ్ దొంగలు చదువుతారు. అందుకే కాగితం. కవరు ఇంకెవరికీ ఇవ్వకుండా మీ చేతిలోనే పెడతానని రవీందరన్న మాటిచ్చాడు.

నా కార్డు సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు పాస్‌వర్డ్ మార్చండి సార్. మార్చబోతుంటే ఆ పెట్టె మళ్ళీ వస్తుంది. చదవండి.