పుంగనూరు స్టేషన్‌కు అమ్మ వెళ్లిన రోజు

నాయనా,

నువ్వు పోయి రేపటికి నాలుగేళ్లు. కుప్పంలో బందోబస్తుకు వెళ్లి ఎండకు పడి చనిపోయిన నిన్ను ముందుగా, నువ్వు పనిచేసిన పుంగనూరు పోలీస్ స్టేషన్ దగ్గరికే తెచ్చారు. అప్పటి నుంచి అమ్మ ఆ వీధిలోకే వెళ్లలేదు.

ఇప్పుడు ఎన్నికలు. స్టేషన్‌వాళ్లు మూడు రోజులుగా ఇంటికి పోలేదని తెలిసి, మన చర్చి ఆడవాళ్లు వాళ్లకు అన్నం వండారు. అమ్మ వంట చేసింది కానీ వడ్డించడానికి రానంది. ఎవరూ బలవంతపెట్టలేదు. తీరా ఆటో కదిలేటప్పుడు సాంబారు బకెట్ పట్టుకుని తనే ఎక్కింది.

కొత్త ఎస్సై తటపటాయించాడు. "ఎన్నికలప్పుడు ఒక చర్చివాళ్ల దగ్గర తింటే జనం ఏమనుకుంటారమ్మా?"

"ప్రార్థన చర్చిలోనే చేసుకోని వచ్చినాం సార్. ఈడికి అన్నం మాత్రమే తెచ్చినాం" అంది పాస్టరమ్మ.

ఎస్సై నవ్వి అందరినీ కూర్చోమన్నాడు.

గేటు దగ్గర సెంట్రీ మాత్రం ఎండలోనే నిలబడి ఉన్నాడు. పోయేనాటికి నీకున్న వయసే. అమ్మ నేరుగా ఎస్సై దగ్గరికి వెళ్లింది.

"సార్, ఆయప్ప యాల ఎండలో ఉండాడు? మా ఇంటాయన గూడా ఇట్లే నిలబడినాడు" అంది. గొంతు పెంచలేదు.

ఎస్సై టోపీ పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లి, సెంట్రీని లోపలికి పంపి, ఆ చోట తను నిలబడ్డాడు.

ఆ సెంట్రీకి అమ్మ నీ గురించి చెప్పలేదు. పేరడిగింది. ఇంటికి పోయి ఎన్నాళ్లయిందని అడిగింది. వద్దు వద్దంటున్నా ఇంకో గరిటె సాంబారు పోసింది.